నడిమి మడుగు ఎల్ల తెలిసిన పోలయ్య గారు

పోలయ్య గారు మరి లేరన్న కబురు నాకు పురపాలక కార్యాలయంలో, ఊరి పటం ముందు కూర్చుని ఉండగా అందింది. ఆయన కొడుకు పెంచలయ్య ఫోనులో ఒక్క మాటే అన్నాడు: "నాయన పోయినాడన్నా." నమ్మలేక పటం వైపు చూశాను. వానలు పడగానే ఆయనతో కలిసి దాన్ని దిద్దవలసి ఉంది. వానలు ఇంకా మొదలు కాలేదు.

మాది ఉప్పునీటి సరస్సు ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. మూడు వరి గ్రామాలను, రెండు జాలరి పాళేలను కలిపి పురపాలక సంఘం చేశారు. పోలయ్య గారు ఉత్తర పాళేనికి పెద్దకాపు, అంటే తగవులు తీర్చి వేట వంతులు తేల్చే పెద్ద. మా ఊరి చరిత్ర, భూగోళం ఏ పుస్తకంలోనూ లేవు. ఆయన నోట ఉండేవి. రోడ్డు పడక ముందు సరస్సులోని దీవికి పడవలు ఏ రేవు నుంచి వెళ్ళేవి, ఉప్పు కొటారులు ఎక్కడుండేవి, ఏ తుఫానుకు ఏ తిప్ప కొట్టుకుపోయింది, సరస్సు సముద్రంలో కలిసే మొగ ఇసుకతో పూడిన ఏడాది జనం ఏం తిన్నారు, అన్నీ వరుసగా చెప్పేవారు. ఆయన చెప్పగా రాసుకున్న స్థలాల పేర్లు నా నోటుపుస్తకంలో నలభై ఒకటి ఉన్నాయి.

వార్డుల పటం పని మీద మొదటిసారి కలిసినప్పుడు నా చేతిలోని జీపీఎస్ పరికరాన్ని ఎగాదిగా చూశారు.

"ఆ డబ్బా ఏం చెప్తాండాది అబ్బయా?"

"మనం నిలబడ్డ చోటు, తాతా. మూడు మీటర్లు అటూ ఇటూగా."

"దానికి డబ్బా ఎందుకు? నువ్వు బురదలో నిలబడుండావు. అటూ లేదు, ఇటూ లేదు."

సరస్సులో వేటచోట్లను పాడులు అంటారు. ఏటా కార్తీకంలో చీట్లు తీసి, ఏ కుటుంబం ఏ పాడులో వల కట్టాలో తేలుస్తారు. ఏ పాడు ఏ పాళేనిదో చెప్పేవి ఒడ్డు మీది గుర్తులు. పడవలోంచి చూస్తే నీళ్ళ ట్యాంకు సరిగ్గా గంగమ్మ గుడి చాటుకు పోవాలి. అది ఒక గీత. రెండో గుర్తు ఇచ్చే గీత దాన్ని కోసిన చోట నడిమి మడుగు ఎల్ల. రొయ్య బాగా పడే పాడు ఆ మడుగే, ఉత్తర పాళేనిది. రెండో గుర్తుగా పూర్వం తాటిచెట్ల గుంపు ఉండేది. అది తుఫానుకు కూలాక పోలయ్య గారు మరో గుర్తు పట్టుకుని, ఏటా తానొక్కరే పడవలో వెళ్ళి ఎల్ల గడలు నాటేవారు. "చేనుకు గట్టుంటాది. నీళ్ళకు గుర్తే గట్టు" అనేవారు.

నేను వెళ్ళింది వేసవిలో. ఉత్తరపు వైపు సరస్సు ఎండి పగుళ్ళు బారింది.

"ఇప్పుడు గీయబాక," అన్నారు. "ఎండల్లో నీళ్ళు అబద్ధం చెప్తాయి. వానలు పడినాక రా, పడవెక్కించి రెండో గుర్తు చూపిస్తా."

"నెలాఖరుకు పటం ఇచ్చేయాలి తాతా."

మిగిలిన నీటి అంచు వెంబడి నడిచి, ఆ నీటిని రెండు పాళేలకూ సమంగా పంచి గీత గీశాను. నడిమి మడుగు దక్షిణ పాళెం వైపు పడింది. పటం ఆమోదం పొందింది.

రెండు పాళేలూ కూడిన చోట దక్షిణ పాళెం వాళ్ళు ఆ పటం నకలు తెచ్చి పరిచిన రోజున కర్రలు లేచాయి. గీసింది నేనేనని లేచి చెప్పాను. పోలయ్య గారు ఇరుపక్షాల మధ్య నిలబడి, "బిడ్డ తెలీక గీసినాడు. ఒక గీత కోసరం తలకాయలు పగలగొట్టుకుంటారా? వానలు రానీండి. రెండు పాళేల పెద్దలం ఒకే పడవలో పోయి చూద్దాం. తేలిందాన్ని ఈ అబ్బయే దిద్దుతాడు" అన్నారు. అందరూ ఒప్పుకున్నారు. పోయేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, "అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగారు.

ఆయన పోయాక వానలు బాగానే పడ్డాయి. పెంచలయ్య, నేను, దక్షిణ పాళెం పెద్ద మస్తానయ్య గారు పడవెక్కాం. ట్యాంకు గుడి చాటుకు పోయింది. ఆ గీత వెంబడి ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా పైకీ కిందికీ తిరిగాం. రెండో గుర్తు ఏదో ఎవరికీ తెలియదు. పెంచలయ్య ఇన్నేళ్ళూ కోట అనే ఊరి దగ్గర రొయ్యల గుంటల్లో పనికి పోయినవాడు. పాత గడలు కుళ్ళిపోయాయి. ఒక్క గుర్తుతో గీత వస్తుంది, చోటు రాదు.

"మడుగు మీదేనని నాకూ తెలుసబ్బయా," అన్నారు మస్తానయ్య గారు పెంచలయ్యతో. "యాడ మొదలో నేను చెప్పలేను. కాయితం మాదంటాండాది. మా వాళ్ళకు ఏమని చెప్పేది?"

సవరణకు అర్జీ పెట్టాను. ఆధారం జతచేయమని తిప్పి పంపారు. మొన్న చీట్లు తీశారు. పటం ప్రకారం నడిమి మడుగు చీటిని దక్షిణ పాళెం కుండలో వేశారు. ఉత్తర పాళెంలో ఎవరూ గొడవ చేయలేదు. చేయించగలవారూ, ఆపగలవారూ ఆయనే. పెంచలయ్య తిరిగి గుంటల పనికి వెళ్ళిపోయాడు.

పోలయ్య గారి వంటి మనిషి మా ఊరికి మళ్ళీ దొరకరు. ఆయన పాదాలకు నా నమస్కారం. పటం కింద, తయారుచేసినవారు అన్న చోట నా పేరుంది. నడిమి మడుగు ఆయన పాళేనిదని చెప్పే గుర్తు ఇప్పుడు ఎక్కడా లేదు.