మా నాయన ముప్పై దినాల సెలవు

పోయిన నెల మా కూతురు కర్నూలు నుంచి వచ్చి, భుజానికున్న సంచి కూడా దించకుండా ఒక పెద్ద కవరు నా ఒళ్ళో పెట్టింది. నౌకాదళం వాళ్ళ పాత రికార్డులుండే ఆఫీసుకు మేము పెట్టుకొన్న అర్జీకి జవాబది. మా ఊరి బడి గోడ మీద, యుద్ధాల్లో పోయిన మా ఊరివాళ్ళ పేర్లు రాయిస్తామన్నారు. మా నాయన పేరు కూడా రాయమంటే, ఏ ఓడ, ఎప్పుడు మునిగింది, కాగితం తెమ్మన్నారు. అందుకు మొదలుపెట్టిన వెదుకులాట ఇది. వచ్చిందంతా ఇంగ్లీషు. నాకు తెలుగు అక్షరాలే యాభై రెండో ఏట వచ్చినాయి, అదీ బడి వరండాలో నా కూతురి వయసు పంతులమ్మ వేలు పట్టి దిద్దిస్తే. అందుకని నా బిడ్డ అదంతా తెలుగులో లావు అక్షరాలతో రాసి తెచ్చింది. “అమ్మా, నువ్వనుకొన్నది కాదు దీంట్లో ఉండేది. మొదట కూచో” అనింది. కూచొనే ఉండాను కదే, ఇంకా యాడ కూచోవాల అన్నాను. ఆ మాటకు అది నవ్వలేదు.

మాది పత్తికొండ దగ్గర పల్లె. ఇప్పుడు టమాటాలు గానీ, అప్పుడు జొన్న, కొర్ర, అదీ వాన దయ చూస్తే. వంకలో మోకాలి లోతు నీళ్ళు పారితే ఊరంతా పోయి చూసి వచ్చేవాళ్ళం. అట్లాంటి ఊరి మనిషి పెద్ద యుద్ధం రోజుల్లో ఆదోనిలో రైలెక్కి, బొంబాయి పోయి, ఓడ అడుగున బొగ్గు ఎగదోసే పనిలో చేరినాడు. నేనప్పుడు అమ్మ కడుపులో ఉన్నాను. ఆయనకు రాయను రాదు, మా అమ్మకు చదవను రాదు. రాసిపెట్టే తోడు దొరికినప్పుడు ఒక ఉత్తరం వచ్చేది, టపా ఆయన అరుగు మీద కూచొని చదివి వినిపించేవాడట. తర్వాత ఉత్తరాలు నిలిచిపోయినాయి. మూడేండ్లు ఏమీ లేదు. అప్పుడు పక్క ఊరి మిలిటరీ మనిషి ఒకడు తిరిగి వచ్చి, ఆ ఓడ మునిగిపోయిందప్పా, ఒక్కరూ మిగల్లేదంట అని చెప్పిపోయినాడు.

చెప్పిన నాటికి ఊరిలో కరువు. వరసగా రెండేండ్లు వాన లేదు, పశువులను అమ్ముకొన్నారు. రచ్చకట్ట మీద పెద్దలు కూచొని లెక్క తేల్చినారు. “నీళ్ళలో పోయినోడు మన నీళ్ళు పట్టుకొని కూచున్నాడు. వానికి దావ చూపిచ్చేదాకా చినుకు రాలదు” అన్నారు. మా అమ్మ ఒప్పుకోలేదని, ఎవరో చెప్పిన మాటకు నా బొట్టు తీస్తారా అని కొట్లాడిందని అంటారు. ఒకతి ఎంతసేపని కొట్లాడుతుంది? జొన్నదంట్లతో మనిషి బొమ్మ కట్టి, దానికి మా నాయన పంచె చుట్టి, మా పెదనాయన ముందు నడవగా మోసుకుపోయి చేను గట్టున మట్టి చేసినారు. అమ్మ గాజులు పగలగొట్టినారు. పదో దినం దాటినాక వాన పడింది. వంక పొంగి పారింది. ఆ వాన పడకుండా ఉండి ఉంటే ఎంత బాగుండునని ఈ నెలంతా అనుకొంటున్నాను, రైతు బిడ్డ అనకూడని మాటే అయినా.

ఆ తర్వాతి ఏడు ఎండాకాలంలో, నాకు ఆరేండ్లో ఏమో, మిట్టమధ్యాహ్నం వాకిట్లో గచ్చకాయలు ఆడుతున్నాను. వీధిలో పిట్ట లేదు. తెల్లచొక్కా, తెల్లలాగు, తెల్లటోపీ పెట్టుకొన్న ఒక మనిషి వచ్చి నా ముందర నిలబడి, “పాపా, మీ అమ్మ యాడుండాది?” అన్నాడు. నేను లేచి లోపలికి ఉరికినాను. అమ్మ తలుపు సందులోంచి చూసి గడియ పెట్టేసింది. మా దిక్కు ఒక పట్టింపు ఉండేది: ఎండపూట వాకిట్లో నిలబడి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకగూడదు, దయ్యమైతే రెండుసార్లే పిలుస్తుంది, మూడోసారి పిలిచినవాడే మనిషి. అమ్మ నన్ను గట్టిగా కరుచుకొని నిలబడింది. ఆయన ఆమె పేరు పెట్టి ఒకసారి పిలిచినాడు. కొంచెం ఆగి, గొంతు తగ్గించి, ఇంకోసారి పిలిచినాడు.

మూడోసారి పిలవలేదు. ఈలోపల పెదనాయన, ఇరుగుపొరుగు వచ్చేసినారు. మొదటి రాయి పెదనాయనే విసిరినాడు. నలుగురూ అరుస్తూ విసురుతుంటే ఆయన తలకు చేయి అడ్డం పెట్టుకొని వెనక్కి తిరిగినాడు. ఊరి బయటి దాకా తరిమినారు. పిల్లలందరం వెంట పడినాం, నేనూ పిడికెడు గులకరాళ్ళు విసిరినాను. ఆయన చొక్కా చెమటతో తడిసి వీపుకు అంటుకొని ఉండింది. దయ్యానికి చెమట పడుతుందా జేజీ అని ఇంటికొచ్చి మా నాయనమ్మను అడిగితే నెత్తిన ఒకటి మొట్టి నోరు మూయించింది.

ఆ కథ చెప్పుకొని మా ఊరిలో ఎన్నేండ్లు నవ్వుకొన్నారో చెప్పలేను. “ఏమ్మే, నీ మొగుడు దయ్యమైనా దొర మాదిరి వచ్చినాడంట, ఆ గుడ్డలేమి, ఆ తెలుపేమి!” అని ఆడవాళ్ళు ఎగతాళి చేస్తే, “సముద్రం నిండా నీళ్ళే కదక్కా, ఉతుక్కోనీకి ఏం కరువు” అని మా అమ్మే జవాబు చెప్పేది. నేనూ నా బిడ్డలకు, వాళ్ళ బిడ్డలకు ఇదే కథ చెప్పి నవ్వించినాను. ఇప్పుడు కాగితం చదివినాను.

ఆ ఓడ మునిగింది నిజమే. అది మునగడానికి నాలుగు నెలల ముందే మా నాయనను వేరే ఓడకు మార్చినారు. మూడేండ్లు ఉత్తరం ఎందుకు రాలేదో కాగితం చెప్పదు. యుద్ధం అయిపోయిన తర్వాత, సొంత ఊరికి పోయి రావడానికి ముప్పై దినాల సెలవు ఇచ్చినారు. తొమ్మిదో దినమే తిరిగి వచ్చి పనిలో చేరినాడు. ఆ దినమే ఆసుపత్రి పద్దులో, నుదుటి మీద గాయం, మూడు కుట్లు. దగ్గరి బంధువు అనే చోట అంతకుముందు మా అమ్మ పేరు, మా ఊరి పేరు ఉన్నాయి. సెలవు నుంచి వచ్చిన వారానికి ఆ రెండూ కొట్టేయించి, ఎవరూ లేరు అని రాయించి, పక్కన వేలిముద్ర వేసినాడు. యాభై రెండేండ్లకు అక్షరాలు నేర్చుకొన్నది ఈ రెండు మాటలు చదవడానికా అనిపించింది. ఆ తర్వాత ఇంకా పదకొండేండ్లు పని చేసి దిగిపోయినాడు. యాడికి పోయినాడో లేదు. ఎప్పుడు పోయినాడో లేదు.

పద్నాలుగేండ్లకు నా పెండ్లి చేసినారు. తలంబ్రాలు కలిపే చోటికి మా అమ్మను రానీయలేదు, వంటింటి గుమ్మం వెనక నిలబడి చూసింది. ఆ దినానికి మా నాయన ఏదో ఓడ మీద ఉద్యోగంలోనే ఉన్నాడు. ఎవరిని తిట్టుకోవాల? పెదనాయన లేడు, రచ్చకట్ట పెద్దలు ఒక్కరూ లేరు, ఉన్నా తప్పొప్పుకొనే మనుషులు కారు. మా నాయన బతికున్నాడంటే ఆ వాన ఎట్లా పడిందని నన్నే అడుగుతారు. అమ్మకు ఏమైనా తెలుసా అని మాత్రం నాకు తెగడం లేదు. ఆఖరి రోజుల్లో ఎండలో వీధిన ఎవరు కేకేసినా, వేరే ఎవరిని పిలిచినా సరే, మంచం మీద నుంచి మొదటి పిలుపుకే ఓ అని పలికేది. అట్ల పలకొద్దే అని కసురుకొంటే, “పలికితే ఏమైతాదిలే” అని గోడ వైపు తిరిగి పడుకొనేది. చాదస్తం అనుకొన్నాం.

ఇప్పుడు కాలం మంచిదే అయింది. మనిషి రెండు దినాలు ఫోను ఎత్తకపోతే పది ఊర్లు కదులుతాయి. వాన పడకపోతే బోరు వేయిస్తారు, చచ్చినోళ్ళ జోలికి పోరు. పన్నెండు గంటల ఎండలో ముక్కూ ముఖం తెలియని పార్సిలు మనిషి గంట నొక్కితే మా కోడలు ఒక్కసారి మోగగానే తలుపు తీసి, ఎండన పడి వచ్చినావు, నీళ్ళు తాగుతావా అన్నా అని అడుగుతుంది. అది చూస్తే సంతోషం కలగాలి. నాకు కడుపు మండుతుంది.

బడి గోడ మాట నేను మళ్ళీ ఎత్తలేదు. పెద్దల అమావాస్య వచ్చింది, ఎప్పటి మాదిరి పోయినోళ్ళందరికీ ఆకులు వేసినాం, మా నాయనకు వేయనీయలేదు. నూరు దాటి ఏ మనిషీ బతికి ఉండడని నాకూ తెలుసు. కానీ చచ్చినాడని కాగితంలో లేదు. ఒకసారి తొందరపడింది చాలు.