చేప కడుపులో నా ముడి

ఎనిమిదేళ్ళుగా నా గొంతులో ఒక ముల్లు ఉంది. మింగలేను, కక్కలేను. నేను సర్జన్ని. ఎవరి గొంతులో ఏది ఇరుక్కున్నా తీయడం నా వృత్తి. దీన్ని మాత్రం తీసుకోలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెబుతున్నాను. తెలిసినవాళ్ళ ముఖం చూస్తూ చెప్పగలిగేవాణ్ణయితే ఎప్పుడో చెప్పి ఉండేవాణ్ణి.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే మధ్యలో మళ్ళీ జారుకుంటాను. నా స్నేహితుడు పట్టిన చేప కడుపులో నేను సీసం పెట్టి కుట్టాను. మోసగాడన్న పేరు అతనికొచ్చింది. నేను పక్కనే నిలబడి చూశాను.

చేపేగా అనిపిస్తోందా? నాకు నేనూ అదే చెప్పుకున్నాను. చేపేగా, ప్రాణం పోలేదుగా అని. ఎన్నేళ్ళు చెప్పుకున్నా ఆ మాట నాకు ఆనలేదు.

డెబ్భైల చివరి రోజులు. అట్లాంటాకి ఉత్తరాన, అల్ఫారెట్టా కూడా దాటాక, ఓ చిన్న ఊరి ఆసుపత్రిలో నా ఉద్యోగం. ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడేవాళ్ళం నేనూ, నా భార్య సరళా, రాజూ, అంతే. రాజుది భీమవరం వైపు. పంపులు తయారుచేసే కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. ఇంకా పెళ్ళి కాలేదు. ఆదివారం ఊరంతా చర్చికి వెళితే మేమిద్దరం లేక్‌కి వెళ్ళేవాళ్ళం. గాలం పట్టుకోవడం నాకు నేర్పింది అతనే.

అక్కడ చేప అంటే బాస్. పెద్దనోటి బాస్. మన కొరమీనులాగే నాచులో పొంచి ఉండి మింగే రకం. మనకు చేప అంటే కూర, వాళ్ళకు పరువు. ఎరలు అమ్మే దుకాణం గోడనిండా పెద్ద చేపలు పట్టినవాళ్ళ ఫోటోలే. వాటికింద కూర్చుని మగాళ్ళంతా ఒకటే వాదన. బతికున్న ఎరతో పట్టింది రికార్డు కిందికి వస్తుందా, బొమ్మ ఎరతో పట్టిందే అసలైనదా? పడవలో చేతికాటా మీద తూచింది లెక్కలోకి తీసుకోవచ్చా? గుడ్లతో ఉన్న తల్లిచేపను ఫోటోకోసం చంపడం మగతనమా, నీళ్ళలో వదిలేయడం మగతనమా? ఎక్కడ మొదలైనా వాదన చివరికి ఒకచోటికే వచ్చేది. మా జార్జియాలోనే, కరువు రోజుల్లో, ఒక పేదరైతు ప్రపంచంలోకెల్లా పెద్ద బాస్‌ను పట్టాడు. తూయించి, ఇంటికి తీసుకెళ్ళి, ఇంటిల్లిపాదీ వండుకుని తినేశారు. చేప లేదు కాబట్టి నమ్మనివాళ్ళు నమ్మరు. ఆ కథ విన్నప్పుడల్లా మేమిద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళం. ఆ రైతు మనవాడిలాగే ఉన్నాడండి అనేవాడు రాజు.

ఆ దుకాణంలో రాజుకు ఒక మూల కుర్చీ ఉండేది. అతని పేరు వాళ్ళ నోరు తిరగక రోజుకో రకంగా పిలిచేవాళ్ళు. అతను కోపగించుకోలేదు. ఆ గోడమీద ఒక్క ఫోటో, దానికింద సరిగ్గా రాసిన తన పేరు, అదొక్కటే అతని కోరిక. నాతో చాలాసార్లు చెప్పాడు. కాబట్టి ఆ చేప అతనికి ఏమిటో నాకు తెలియదని నేను అనలేను.

మార్చి నెలలో ఒక ఆదివారం పొద్దున పడింది అది. నేను ఎర వేసి వేసి విసుగొచ్చి వదిలేసిన చోటే. పడవలోకి లాగి తూచాం. చేతికాటా ముల్లు లేక్ రికార్డు దాటి ఆగింది. రాజు నా భుజం పట్టుకుని ఏడ్చాడు. నేను నవ్వాను, పైకే. ఆ చోటు నాదేగా అన్న మాట లోపల అప్పుడే పుట్టింది.

చేతికాటా తూకం చెల్లదు. సోమవారం మధ్యాహ్నం మార్కెట్‌లో మాంసం కౌంటర్ కాటామీద, చేపలు పట్టేవాళ్ళ క్లబ్బు పెద్దల ముందు, చేపల శాఖ ఆఫీసరు సమక్షంలో తూయాలి. చేప చెక్కుచెదరకుండా ఉండాలి. ఆదివారం మార్కెట్ మూత. రాజు అపార్ట్‌మెంట్‌లోది బుల్లి ఫ్రిజ్. మా గరాజ్‌లో పెద్దది ఉంది కదా అని అక్కడ పెట్టాడు. వెళుతూ వెళుతూ నవ్వుతూనే చెప్పాడు.

"డాక్టరుగారూ, రేపటిదాకా దీన్ని ఎవరూ ముట్టుకోకూడదండి. చెల్లెమ్మగారిక్కూడా చెప్పండి. ఫ్రిజ్‌లో ఉంది కదాని పులుసు పెట్టేయగలరు."

సరళ ముట్టుకోలేదు. నేను ముట్టుకున్నాను.

అప్పటికి ఆమెకు నాలుగో నెల. అంతకు ముందొకటి పోయింది. ఈసారి ఏం తిన్నా ఇమడడంలేదు, మనిషి చిక్కి సగమైంది, నాకు భయంతో ఏమీ తోచడంలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం సోఫాలో పడుకుని, చేప జన వేపుడు తినాలనుంది అంది. ఎన్ని వారాల తర్వాతో నోరు తెరిచి ఒకటి అడిగింది. మన ఇళ్ళలో ఈ మాట ఎలాంటిదో మీకు తెలుసు. కడుపుతో ఉన్నమ్మాయి కోరింది పెట్టకపోతే ఇక మొగుడెందుకు అంటారు. ఈ దేశంలో జన ఎవరు అమ్ముతారు? గుడ్లన్నీ బయట పారేసి ముక్కలు మాత్రం అమ్ముతారు. గరాజ్‌లో మాత్రం పొట్టనిండా జనతో ఒక చేప ఉంది.

తూకం సంగతి మరిచిపోయానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. మరిచిపోలేదు. ఫ్రిజ్ తలుపు తీసి నిలబడి, తెలిసే, చాలాసేపు ఆలోచించాను. మరి ఎందుకు చేశాను? భార్యమీద ప్రేమా? ఉంది. పోయిన బిడ్డ తాలూకు భయమా? అదీ ఉంది. అంతేనా? నేను వదిలేసిన చోట అతనికి పడిందన్న దుగ్ధ కూడా ఆ కత్తి పట్టుకున్న చేతిలో లేదా? ఏది ఎంతో నాకు ఈనాటికీ తేలలేదు. తేలితే మాత్రం ఏమవుతుంది గనక.

కడుపు అడుగున, తోకవైపు, రెండు వేళ్ళు పట్టేంత గాటు పెట్టి జన తీశాను. సరళ ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి వేయించుకుంది. ఎక్కడిదని అడిగితే ఇంకో చేపలోదన్నాను. కంచంనిండా తింది. కక్కలేదు. ఆమె అలా తింటుంటే నాకు ఎంత సంతోషమేసిందో దాచను.

తర్వాత గరాజ్‌లోకి వెళ్ళి చూస్తే చేప పొట్ట జారిపోయి ఉంది. అప్పుడు పట్టుకుంది భయం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అదే చేశాను. గాలానికి కట్టే సీసపు గుళ్ళు నా డబ్బాలో ఉన్నాయి. పోయిన బరువుకు సరిపడా లోపల పెట్టాను. అబద్ధపు బరువు కాదుగా, పొద్దున కాటా చూపించిన బరువేగా, నిజాన్ని నిజంగా నిలబెడుతున్నానంతేగా అని చెప్పుకున్నాను. చదువుకున్నవాడికి సాకులు బాగా వస్తాయి. నల్ల సిల్కు దారంతో గాటు కుట్టి, పైన దాని జిగురే రాశాను. బాగా కుట్టాను. అలవాటైన చెయ్యి.

నాకున్న ఒక అలవాటు సంగతి మాత్రం మరిచిపోయాను. ముడివేశాక దారం కొసలు పొడుగ్గా వదిలేస్తాను. నర్సులు ఆటపట్టించేవారు. అంతకు కొన్ని నెలల ముందు రాజు అరచేతిలో గాలం దిగబడి చీరుకుపోతే, మా వంటింటి బల్లమీద కూర్చోబెట్టి ఇదే దారంతో కుట్టాను. ఏవండి డాక్టరుగారూ, నా చేతికి మీసాలు పెట్టారేంటండి అన్నాడు. మానేదాకా వచ్చినవాళ్ళందరికీ ఆ మీసాలు చూపించాడు.

సోమవారం మార్కెట్‌లో చేపను కాటామీద పెట్టగానే అందరూ చప్పట్లు కొట్టారు. రాజు తెల్లచొక్కా వేసుకొచ్చాడు, ఫోటోకోసం. క్లబ్బు పెద్ద అతని పేరు ఎలా రాయాలో అడిగి చేతిమీద రాసుకున్నాడు. అంతలో ఆఫీసరు మామూలుగా చేసే పరీక్షే, చేప పొట్టకింద బొటనవేలితో నొక్కుకుంటూ వెళ్ళాడు. వేలు ఒకచోట ఆగింది. కత్తి అడిగాడు. సీసపు గుళ్ళు స్టీలు పళ్ళెంలో ఒక్కొక్కటే పడ్డాయి.

ఎవరో నవ్వారు. రాజు సీసం వంక చూశాడు. తెగిన దారం వంక చూశాడు. కొసలు పొడుగ్గా ఉన్నాయి. తన అరచెయ్యి ఒకసారి తెరిచి చూసుకుని మూసేశాడు. నా వంక మాత్రం చూడలేదు. చేప నిన్నట్నుంచీ ఎక్కడుందని ఆఫీసరు అడిగాడు. నా దగ్గరే ఉందన్నాడు రాజు.

నేను నోరు తెరవలేదు. తేలు కుట్టిన దొంగలా నేల చూస్తూ నిలబడ్డాను. ఒక్క మాట చాలు. నా ఫ్రిజ్‌లో ఉంది, నేను కోశాను, నేను కుట్టాను. కానీ ఊరంతా నా దగ్గర వైద్యం చేయించుకునేవాళ్ళే. వాళ్ళ కడుపులు కోసే డాక్టరు చేప కడుపులో సీసం పెట్టాడంటే రేపు ఎవరొస్తారు? ఉద్యోగం పోతే సరళ ఏమవుతుంది? అలా ఆలోచిస్తుండగానే అందరూ వెళ్ళిపోయారు.

సాయంత్రం రాజు మా ఇంటికొచ్చాడు. లోపలికి రాలేదు. వాకిట్లో నిలబడి అడిగాడు.

"డాక్టరుగారూ, నేను పెట్టలేదండి. మీరైనా నమ్ముతారాండి?"

"నమ్ముతాను రాజూ," అన్నాను.

"మీకేమన్నా చెప్పాలనుందాండి?"

"ఏముంటుంది, ధైర్యంగా ఉండు. నాలుగురోజులు పోతే అందరూ మరిచిపోతారు."

"ఆయ్," అని తల ఊపి వెళ్ళిపోయాడు.

ఎవరూ మరిచిపోలేదు. క్లబ్బు పెద్ద పనిచేసేదీ ఆ పంపుల కంపెనీలోనే. భోజనాల దగ్గర రాజు బల్లకు ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఇండియావాళ్ళంతా ఇంతే అన్న మాట ఆపరేషన్ బల్లమీద పడుకున్న రోగి కూడా నాతో అని, మీరు కాదులెండి డాక్టర్ అని సర్దుకున్నాడు. ఆ మాట విని కూడా ఊరుకున్నాను. వేసవి రాకముందే రాజు టెక్సాస్ వెళ్ళిపోయాడు. ఇర్వింగ్‌లో ఉంటున్నాడు. మళ్ళీ గాలం ముట్టుకోలేదని విన్నాను.

కొత్త సంవత్సరానికి ఫోన్ చేస్తాడు, ఏటా. మా పాపతో మాట్లాడతాడు. ఆ రోజు నన్ను నమ్మింది మీరొక్కరేనండి అంటాడు, ప్రతిసారీ. కృతజ్ఞతా? దెప్పుడా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాడికి ప్రతి మాటా దెప్పుడే. ఆ గొంతులో నాకు కోపం వినిపించదు. వినిపిస్తే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ సాయంత్రం వాకిట్లో అతను అడగడానికి రాలేదని, నాకు ఒక తలుపు తెరిచి పెట్టడానికి వచ్చాడని నాకు అర్థమైంది తర్వాతెప్పుడో కాదు, అక్కడే, అప్పుడే. అర్థమయ్యే ఆ తలుపు వేసేశాను. సీసం పెట్టడం భయంతో చేశాను. ఇది భయంతో చేసింది కాదు.

నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. ఆఫీసు పనిమీద ఈ శనివారం అట్లాంటా వస్తున్నాడట. పాప టెలివిజన్‌లో చూసి చేపలు పట్టాలని గోల చేస్తోందని సరళ చెప్పిందట.

"పాపను లేక్‌కి తీసుకెళదామండి. గాలం నేను నేర్పిస్తాను. ముడి మాత్రం మీరే వెయ్యాలండి, మీ ముడి ఊడదు."

సరేనన్నాను. ఆ జన తిన్న కడుపులో నిలిచిన బిడ్డకు అతను గాలం పట్టడం నేర్పిస్తాడు. నేను పక్కన నిలబడతాను, మళ్ళీ.

శనివారం అతనికి చెబుతానా? తెలియదు. చెబుతాననే అనిపిస్తోంది, కానీ నా మాట నేను నమ్మడం మానేసి చాలాకాలమైంది. ఇక్కడ మీకు చెప్పినంత మాత్రాన అతనికి చెప్పినట్టు కాదని కూడా తెలుసు. అయినా ఈ మాటలు ఒక్కసారైనా నా చేత్తో రాసుకోకపోతే ఊపిరాడేలా లేదు. ఆ దారం నాది. ఆ సీసం నాది. చేప మాత్రం రాజుదే, అది నిజంగానే అంత పెద్దది.