ఐలవ్వ ఇంటికి పిలిచింది

మందమర్రి ఆఫీసులో నన్ను నానా ఏడుపు ఏడిపించింది దొరలు కాదు, సక్కుబాయి. బొగ్గుబావుల కూలీల కోసం కట్టిన క్వార్టర్ల తాళంచెవులు నా దగ్గర ఉండేవి. రైలుకట్ట పొడుగునా గోనెపట్టాల కింద, చెట్ల కింద బతికే కూలీల కుటుంబాలను తెచ్చి ఆ క్వార్టర్లలో కుదర్చడం ఆమె పని. తాళంచెవి చేతికిచ్చి వేలిముద్ర వేయించుకుంటే నా పని అయిపోయేది. ఆమె పని మాత్రం ఎప్పటికీ అయ్యేది కాదు. మా తగువంతా అక్కడే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండు మూడేళ్ళయిన రోజులవి. సక్కుబాయిది ఆసిఫాబాద్ అవతల ఏదో చిన్న ఊరు. మొగుడు పోశం బావిలో బొగ్గు టబ్బులు నెట్టేవాడు, కామెర్లు వచ్చి పోయాడు. పిల్లలు లేరు. మా సంక్షేమ ఆఫీసులోనే ఆమెకు ఆయా పని ఇచ్చి, ఒక గది క్వార్టరు కూడా ఇచ్చారు. కోపం వస్తే మరాఠీ, దుఃఖం వస్తే తెలుగు మాట్లాడేది. నాతో మాట్లాడినంత మరాఠీ ఆమె కన్నతల్లితో కూడా మాట్లాడి ఉండదు.

"తాళంచెవి ఇచ్చినం గదా, ఇంకేం పని నీకు వాళ్లింట్ల?" అని గద్దించేవాణ్ణి.

"అంబదాసన్నా, తాళంచెవి ఇస్తే ఇల్లిచ్చినట్టా? పోయి చూడు. అందరు బయట్నే పండిన్రు" అనేది.

నిజమే. ఏళ్ళకేళ్ళు ఆకాశం కింద పడుకున్నవాళ్ళకు గోడల మధ్య ఊపిరాడేది కాదు. మూటలు ఇంట్లో పెట్టి, తాళం వేసి, మళ్ళీ కట్ట మీదికే పోయేవాళ్ళు. ఎవరూ ఉండక తాళం పడివున్న క్వార్టరును వెనక్కి తీసుకుని, వరుసలో ఉన్న తరువాతి వాళ్ళకు ఇవ్వాలని రూలు. అట్లా దొరికిన ఇల్లు చేతులారా పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో! అందుకని సక్కుబాయి మొదటి రోజంతా వాళ్ళతోనే ఉండేది. పొయ్యి పెట్టించేది, వాళ్ళు వండిందే తినేది. ఇంటివాళ్ళు లోపల నడుం వాల్చడానికి జంకితే, తానే గది నడుమ కొంగు కప్పుకుని పడుకుని గుర్రు పెట్టేది. ఆ గుర్రు నేను ఒకసారి విన్నాను. పైకప్పు కంటే ఆ గుర్రుకే భయపడాలి ఎవరైనా.

సిద్దిరాములు కుటుంబం అట్లా వచ్చిందే. హుస్నాబాద్ దగ్గరి నేతవాళ్ళు. మగ్గం తిండి పెట్టక ఇక్కడికి వచ్చి, బావిలో బొగ్గు నింపే పనికి కుదిరాడు. గూడ్సు షెడ్డు గోడకు గోనెపట్టాలు కట్టుకుని, తల్లి ఐలవ్వ, భార్య సరోజనతో ఉండేవాడు. సరోజనకు నెలలు నిండుతున్నాయి. ప్రసవమయ్యే లోపల ఆ పిల్లను గోడల మధ్యకు చేర్చాలని సక్కుబాయి పట్టు పట్టింది. మా ఆఫీసరు చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది, నా ప్రాణం తీసింది, చివరికి సాధించింది.

వాళ్ళు ఇంట్లో చేరిన రోజు నేనూ వెళ్ళాను. ఐలవ్వ చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? లోపలికి పోయి తలుపు వేసి గొళ్ళెం పెట్టుకుంది. మేమంతా బయట! కొడుకు తలుపు తట్టాడు. తీసింది, మళ్ళీ వేసుకుంది. గొళ్ళెం పడ్డ చప్పుడు వినిపించినప్పుడల్లా లోపల నవ్వుతున్నది ముసలమ్మ.

"ఏం జేస్తున్నవే అవ్వా?" అన్నాడు సిద్దిరాములు.

"ఆగురా, జర సూడనియ్యి. లోపలికెల్లి బందువెట్టుకోక ఎన్నేండ్లాయె!"

నేను నవ్వాను. సక్కుబాయి నవ్వలేదు. కళ్ళొత్తుకుంటూ నిలబడింది.

ఐలవ్వకు ఒకప్పుడు సొంత ఇల్లు ఉండేది. మట్టిగోడల ఇల్లు. మొగుడు చెడు నక్షత్రంలో పోయాడు. మా వైపు ఆచారం మీకు తెలిసే ఉంటుంది, అట్లా పోతే ఇల్లు పాడు పెట్టాలి. అంటే ఆ ఇంట్లో దీపం వెలిగించకుండా, మనిషి మసలకుండా నెలలపాటు తాళం వేసి వెళ్ళిపోవాలి. వీళ్ళూ వెళ్ళారు. వానాకాలమంతా పైన కప్పు సరిచేసేవాళ్ళు లేక, చెదలు తుడిచేవాళ్ళు లేక, తిరిగి వచ్చేసరికి గోడలు కూలి ఉన్నాయి. మళ్ళీ లేపే శక్తి లేకపోయింది. అప్పటి నుంచీ ఎవరి అరుగు మీదనో, ఎవరి చూరు కిందనో. ఇదంతా సక్కుబాయికి ఐలవ్వే చెప్పుకుంది.

ఇంట్లోకి వచ్చిన కొద్ది వారాలకే, శ్రావణంలో ఐలవ్వ మంచం పట్టింది. దగ్గు, ఆయాసం. డాక్టరు చూసి తల అడ్డంగా ఊపి వెళ్ళాడు. సిద్దిరాములు పంచాంగం చూసే అయ్యగారి దగ్గరికి పోయి అడిగివచ్చాడు. ధనిష్ఠ నక్షత్రం మొదలైందట. వచ్చే అయిదు రోజులూ చావుకు మంచివి కావట. ఈ మాట కొడుకూ కోడలూ గుసగుసగానే అనుకున్నారు కానీ ఐలవ్వ చెవులు ఇంకా చావలేదు.

ఆ మధ్యాహ్నం సక్కుబాయీ నేనూ ఆఫీసులో ఉంటే సరోజన పరుగెత్తుకొచ్చింది. ఆ నిండు కడుపుతో ఆ పిల్ల పరుగెత్తుతుంటే నేను కుర్చీలోంచి లేచి ఎదురెళ్ళాను.

"సక్కక్కా, మా అత్త బయటికి పోయింది! లోపల్కి రమ్మంటె రాదు. వానల పండుకున్నది!"

సక్కుబాయి గొడుగు కూడా తీసుకోలేదు. నేను నా గొడుగు పట్టుకుని వెనకాల ఉరికాను. ముసురు పట్టి ఉంది. క్వార్టర్ల వరుస చివర, మురికినీళ్ళ మోరీ పక్కన, బోలెడంత బురదలో ఐలవ్వ పడుకుని ఉంది. పాక్కుంటూ వచ్చినట్టుంది, మోచేతులు చీరుకుపోయాయి. పక్కన కూచుని సిద్దిరాములు చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఎత్తబోతే గోళ్ళతో రక్కుతున్నదట.

"ఏందవ్వా గిది?" అంది సక్కుబాయి బురదలోనే కూచుని.

"నేను లోపల సావ. సత్తె ఇల్లు పాడువెట్టాలె. తాళమేస్తె కంపెనోళ్లు తీస్కుంటరు. ఆ పిల్ల యాడ కనాలె? గూడ్సు షెడ్డు కాడ కనాల్నా?" మాటకు మాటకు నడుమ ఆయాసం. "ఒక్కపారి అయ్యింది. మళ్ల నా తోని కావద్దు."

ఏమనగలం? చదువుకున్నవాణ్ణని నాకో గర్వం ఉండేది. నక్షత్రాలేమిటి, నాన్సెన్స్ అని నాలుగు మాటలు అన్నాను. నా మాట ఒక్కరూ వినలేదు. సిద్దిరాములైతే నా కాళ్ళు పట్టుకుని "సార్, తాళమేసినా ఇల్లు మాదే అని రాసియ్యున్రి" అన్నాడు. రాసివ్వడానికి నేనెవరిని? ఆఫీసరు ఊళ్ళో లేడు. ఉన్నా ఒక్కరికి రాసిస్తే వందమంది వస్తారు.

సక్కుబాయి ముసలమ్మ మొహం మీది వాన నీళ్ళు కొంగుతో తుడుస్తూనే ఉంది. తుడిచిన కొద్దీ తడుస్తున్నది. తరువాత లేచి, "సిద్దిరాములూ, మంచం తే. మా ఇంటికి తీస్కపోదాం" అంది.

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక మండిపోయింది.

"నీకేమన్న పిచ్చి లేసిందా? ఈమె నీ ఇంట్ల పోతే నీ ఇల్లు పాడువెట్టాలె. నీ క్వార్టరు కూడ పోతది!"

"పోతె పోనీ అన్నా. నాకు మళ్ల అడుగుడు వస్తది. వీళ్లకు అడుగుడు రాదు."

"ఈ నక్షత్రాలు నువ్వు నమ్ముతవా?"

"నేను నమ్మకుంటేంది? ఆమె నమ్ముతుంది గద. సచ్చే మనిషికి పరేషాన్ ఎందుకు?"

అయినా ఒప్పుకోవలసింది నేను కాదు, ఐలవ్వ. ముసలమ్మ కళ్ళు తెరిచి సక్కుబాయిని చూసింది. ఆ చూపులో కృతజ్ఞత లేదు, కోపం ఉంది.

"నీ ఇల్లు పాడు జేసి నేను సావాల్నా? నువ్వు యాడికి పోతవు?"

"నాకేం ఫికర్ అవ్వా? ఒక్కదాన్ని. యాడనో ఒక తాన ఉంట."

"యాడనో అంటే యాడ?"

సక్కుబాయి చూపు తిప్పుకుని ముసలమ్మ కొంగు సర్దింది.

"చెప్పవేందే? యాడనో ఒక తాన అని నేను గూడ అనుకున్న. పదేండ్లు ఆ యాడనో దొరకలే. నాకు జెప్పకు." దగ్గు తెర వచ్చి మాట ఆగిపోయింది. కోడలు వీపు రాసింది. దగ్గు తగ్గాక ఐలవ్వ సక్కుబాయి చెయ్యి పట్టుకుంది. "నువ్వు మా ఇంట్ల ఉంటనంటెనే వస్త. లేకుంటె రాను. గీ మోరికాడ్నే పోత. చెప్పు బిడ్డా, ఉంటవా? మా ఇంట్ల ఉంటవా?"

'మా ఇంట్ల' అన్న మాటను ఆమె అన్న తీరు నేను రాయలేను. రాజులకు కోటలు ఉంటే ఉండవచ్చు కానీ, అంత దర్జాగా ఎవరూ అని ఉండరు.

"ఉంట అవ్వా" అంది సక్కుబాయి.

మంచం మీద పడుకోబెట్టి, పైన గోనెపట్టా కప్పి, ముగ్గురం మోశాం. నాలుగో కోడు పక్కింటి కైలాసం పట్టాడు. గొడుగు ఎక్కడ పారేశానో నాకే తెలియదు. సక్కుబాయి గదిలో పొడి బట్టలు కట్టారు, కుంపటి రాజేశారు. ఐలవ్వ తలుపు వైపు చూసింది. సక్కుబాయి లేచి లోపల నుంచి గొళ్ళెం పెట్టింది. సరోజన పాదాలు వత్తుతుంటే, కొడుకు ఒళ్ళో తల పెట్టుకుని, మర్నాడు పొద్దుటి షిఫ్టు కూత వేళకు ఐలవ్వ వెళ్ళిపోయింది. బురదలో కాదు, వానలో కాదు. వెచ్చగా పోయింది.

దహనమై అందరూ స్నానాలు చేసి వచ్చేసరికి సాయంత్రమైంది. సక్కుబాయి తన ఇంటికి తాళం వేసి, తాళంచెవి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. చేతిలో రేకుపెట్టె ఉంది. ఇక సిద్దిరాములు ఇంటికే పోతుందనుకున్నాను. లేదు. ఆఫీసు వరండాలో మూల చూసుకుని పెట్టె పెట్టి, గోడకు ఆనుకుని కూచుంది.

"ఇదేంది? ముసలామెకు మాటిచ్చినవు గదా!"

"అప్పుడు అట్ల అనకపోతె ఆమె లేస్తుండెనా?" అంది నా వైపు చూడకుండా. "ఒక్క రూము అన్నా. పిల్ల నిండు నెలలతోని ఉన్నది. రేపో మాపో పురుడు. నడుమ నేనెందుకు? గీడ్నే ఉంట."

కొంపలు తిరిగి అందరినీ ఇళ్ళలో కూచోబెట్టిన మనిషి! ఎవరు తటపటాయించినా చెయ్యి పట్టి లోపలికి లాగిన మనిషి! తన దాకా వస్తే ఒక గడప తొక్కడానికి కాళ్ళు రాలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. తిడదామని నోరు తెరిచాను.

అప్పుడే సిద్దిరాములు వచ్చాడు. స్నానం చేసిన తడి పంచెతోనే ఉన్నాడు. వెతుక్కుంటూ వచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. వస్తూనే పెట్టె ఎత్తుకుని భుజాన పెట్టుకున్నాడు.

"పెట్టె దించు తమ్మీ" అంది సక్కుబాయి. "నేను గీడ మంచిగనే ఉన్న. మీకు బరువెందుకు?"

"దించ అక్కా."

"చెప్తె ఇనవా? అవ్వను లోపలికి తెచ్చుడుకే అట్ల అన్న. పోయిన మనిషికి తెల్వదు గదా."

సిద్దిరాములు అసలు మాటకారి కాడు. బావిలో దిగి పైకి వచ్చి, ఏం వండారని కూడా అడగకుండా తినే రకం. అటువంటివాడు పెట్టె భుజాన ఉంచుకునే అన్నాడు.

"అక్కా, మా ఇల్లు కూలినకాడికెల్లి మా అవ్వ మంది అరుగుల మీదనే ఉన్నది. ఎవ్వరొచ్చినా మా ఇంటికి రా అని అనలే. అందామంటె ఇల్లు లేకపాయె. ఇన్నేండ్లల్ల ఆమె ఇంటికి పిలిచింది నిన్నొక్కదాన్నే. నువ్వు రాకుంటె ఎట్ల?"

సక్కుబాయి లేచి నిలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అతని వెనక నడిచింది.