రెండు గొంతులు

గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే అక్కకి ఆ వారమంతా ముద్ద మింగుడు పడలేదు. కిటికీ పక్కనున్న పాత కంప్యూటర్ ప్రాణం విడిచింది. దానితోపాటు, తెర మీది అక్షరాలను పైకి చదివే గొంతూ పోయింది. ఆ గొంతు కోసం రోజూ వచ్చేది ఒక్కరే, చూపు పోయిన ప్రూఫు మాస్టారు. ఏళ్ల తరబడి అచ్చుతప్పులు దిద్దుతూ కళ్లు అరగదీసుకున్న మనిషి. ఇప్పుడొక పెద్ద నవల మధ్యలో ఉన్నారు.

"నేను చదివి పెడతాను మాస్టారూ," అంది అక్క.

"వద్దమ్మా. ఇంట్లో కోడలు చదువుతుంది, మనవరాలు చదువుతుంది. వాళ్ల గొంతులో విసుగు వినపడగానే నేనే చాలంటాను. యంత్రానికి విసుగు లేదు, నాకు మొహమాటమూ లేదు."

ఎవరో దానమిచ్చిన మరో కంప్యూటర్‌ను అక్క తుడిచి బల్ల మీద పెట్టింది. అందులోనూ పాతదానిలాగే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమే. పాతదానిలో ఒక్క వరుస టైపు చేస్తే చదివే ప్రోగ్రామ్ దిగేది. ఆ వరుస ఆమె వేళ్లకి కంఠస్థం. ఇక్కడ అదే కొడితే, అలాంటి ఆజ్ఞే లేదు పొమ్మంది.

తమ్ముడికి ఫోన్ చేసింది. "రెండూ లైనక్సేనని నువ్వే కదరా చెప్పావ్?"

"ఇంటిపేరే ఒకటక్కా, ఎవరి కాపురం వాళ్లది. ఉప్పుడబ్బా ఎక్కడుందో ఆ ఇంటి ఇల్లాలికే తెలుస్తుంది."

"ఆ ఇల్లాలెవరో చెప్పు, కాళ్లు పట్టుకుంటాను."

సాఫ్ట్‌వేర్ స్టోర్‌లో వెతికి ఒకటి ఎక్కించింది. అయిపోయిందని చూపించింది గానీ అది కిక్కురుమనలేదు. నెట్‌లోంచి ఇంకొకటి దించింది. అది వేరే ఫైలు కావాలంది, ఆ ఫైలు మరొకటి తెమ్మంది. తీగ లాగితే డొంకంతా కదిలింది. చివరికెలాగో ఎక్కింది. మూగబోయిన మొదటిదాన్ని మాత్రం ఆమె తీసెయ్యలేదు. అట్టలూడిన పుస్తకాన్నైనా పారెయ్యలేని మనిషి మరి.

మర్నాడు మాస్టారు కూర్చోగానే కంప్యూటర్ ఆన్ చేసింది. రెండోదాని కోసం దించిన ఫైళ్ల పుణ్యమా అని మొదటిది కూడా నిద్రలేచింది. రెండు గొంతులూ ఒకదాని మీద ఒకటి పడి చదవసాగాయి.

"తోడికోడళ్లిద్దర్నీ ఒకే గదిలో పెట్టావేమిటమ్మా?"

అక్క నవ్వలేకపోయింది. ఒకదాన్ని పీకితే రెండోదానికి కావలసినవి కూడా కొట్టుకుపోవచ్చని తమ్ముడు ముందే హెచ్చరించాడు. "ఏది ఉంచమంటారు?"

మాస్టారు తల వంచి కాసేపు విన్నారు. "సన్నగొంతుది ఉంచు. ఆ బొంగురుది వాక్యం చివర మాట మింగేస్తోంది."

బొంగురుదాన్ని తీసేసి, మళ్లీ ఆన్ చేసింది. తెర వెలిగింది. చప్పుడు లేదు. నేను చదువుతానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి ఆపుకుంది.

అప్పుడు సన్నగొంతు తడబడకుండా తెర మీది మొదటి మాట చదివింది. మాస్టారు తడుముకుంటూ హెడ్‌ఫోన్లు అందుకున్నారు.

"నవల తెరిచాను, మొదటి పేజీలో ఉంది. మీరు ఆపిన చోటు వెతకనా?"

"అక్కర్లేదమ్మా. అది నా పని."

అక్క తన కుర్చీలోకి వెళ్లిపోయింది. అక్కడికి ఏమీ వినపడదు. పేజీలు తిప్పే మీట మీద కదులుతున్న ఆయన వేలు మాత్రం కనపడుతుంది. చాలాసేపటికి ఆ వేలు ఆగింది, చోటు దొరికినట్టుంది.