రూతు మేడం, బీరు దేవత

నానబెట్టిన జొన్న మొలకలను ఒక పూట మరిచిపోతే వచ్చే పులిసిన వాసన నిన్న కాటారంలో మా వంటింట్లో గుప్పుమంది. పారబోద్దామని గిన్నె ఎత్తాను గానీ చెయ్యాడలేదు. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ రూతు మేడం గుర్తొస్తారు.

తొర్రూరులో నేను డిగ్రీ చదివిన ప్రైవేటు కాలేజీలో ఆమె చరిత్ర చెప్పేవారు. టేకుమట్ల దగ్గరి పల్లె మనిషి. ఆదివారం చర్చి తప్పేవారు కాదు. ఉద్యోగం ఏటికేడు యాజమాన్యం దయ మీద నడిచేది. అయినా పాఠం దగ్గర ఎవరికీ జంకేవారు కాదు. సుమేరు నాగరికత చెబుతూ ఒకరోజు, "పరీక్షల సంగతి తర్వాత. ముందుగాల నింకాసి ముచ్చట వినుండ్రి" అన్నారు. నింకాసి అంటే సుమేరు వాళ్ల బీరు దేవత. వేల ఏళ్ల కిందట యవలతో, అంటే బార్లీతో, బీరు చేసింది ఎక్కువగా ఆడవాళ్లేనని, అది చిక్కటి గంజిలా కడుపు నింపేదని, ఒకే కుండలో గొట్టాలు పెట్టుకొని నలుగురూ చుట్టూ కూర్చొని తాగేవారని చెప్పారు. మా వైపు మందు మగవాళ్లది, ఏడుపు ఆడవాళ్లది. దానికొక ఆడ దేవత ఉండటం మాకు మింగుడు పడలేదు.

గింజ ఎలా పులుస్తుందో చూపిస్తానని మేడం జొన్నలు మొలకెత్తించి, ఎండబెట్టి, దంచి, నీళ్లు పోసిన కుండను క్లాసులో ఒక మూలన పెట్టించారు. ఎండాకాలం కదా, తొందరగానే బుడగలు లేచాయి. "తాగేదానికి కాదు, చూసేదానికి" అని గట్టిగా చెప్పారు. కుండ జరుపుతుంటే నా చున్నీ మీద ఒలికింది. సాయంత్రం ఇల్లు చేరగానే అమ్మ ఆ చున్నీ పట్టుకొని వాసన చూసింది. మా బాపును మింగింది గుడుంబా అనే నాటుసారానే. నేను చెప్పిందంతా విని ఆమె చున్నీని నీళ్లలో నానేసింది. అమ్మ తిట్టకపోతేనే నాకు భయం ఎక్కువ.

తెల్లారి అమ్మ నాతోపాటే బస్సెక్కింది. ప్రిన్సిపాల్ గదిలో టేబుల్ మీదికి కుండ, ఎదురు కుర్చీలోకి మేడం చేరారు. అమ్మ నా మణికట్టు పట్టుకొని నిలబడింది.

"గుడుంబ తాగి నా పెనిమిటి రక్తం కక్కుకొని సచ్చిండు సారూ. గీమె దానికి దేవత ఉన్నదని నా బిడ్డకు చెప్పవట్టె. నేను ఊకోను."

"క్షమాపణ చెప్పండి మేడం. ఆ పాఠం ఇక చెప్పనని కూడా అనండి. లేదంటే వచ్చే ఏడాది మాట నేనివ్వలేను" అన్నారు ప్రిన్సిపాల్. తర్వాత నా వైపు తిరిగారు. "తాగడం మంచిదని మేడం చెప్పారా?"

అమ్మ పట్టు బిగిసింది.

"చెప్పలే సార్. ఎన్కటి కాలంల దేవత ఉండెనన్నరు, గంతే."

అమ్మ నా చెయ్యి వదిలేసింది. అంతకంటే రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

మేడం లేచి అమ్మ ముందు నిలబడ్డారు. "అక్కా, కుండ తెచ్చుడు నా తప్పే. ఎవలింట్ల ఏం జరిగిందో అడగకుండ తెచ్చిన. నీకు దండం పెడుత. పాఠం మాత్రం ఇడువ. అది జరిగిన ముచ్చట."

"మరి నా ఇంట్ల జరిగింది ముచ్చట గాదా?" అంది అమ్మ.

మేడం కుండ ఎత్తుకెళ్లి బయట పారబోసి వచ్చారు. పాఠం చెప్పనన్న మాట మాత్రం ఆమె నోట రాలేదు.

మరుసటి ఏడాది ఆమెను తీసుకోలేదు. ఆమె అద్దె గది ఖాళీ చేస్తుంటే వెళ్లి ఏడ్చాను. అమ్మ మీద ఉన్న కోపమంతా వెళ్లగక్కాను. ఓదారుస్తారనుకుంటే నన్నే కసిరారు.

"మీ అమ్మను ఏమనకు. ఆడోళ్ల చేతుల పుట్టింది ఆడోళ్ల కొంపనే ఎట్ల ముంచిందో నేను చెప్పకపోతి. పాఠం సగమే చెప్పిన."

ఇప్పుడు నేనూ చరిత్రే చెబుతున్నాను. సుమేరు పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద ముందు నింకాసి పేరు రాస్తాను. దాని కింద మా బాపు పేరు రాస్తాను. "ఈయన ఏ దేశం రాజు టీచర్?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. రాజు కాదని, గుడుంబా మింగేసిన మా బాపని చెబుతాను.