కేక వెనక పడిన తోపు

మా పవర్‌హౌస్ మేస్త్రీ గారు పోయారని షెడ్డు ప్యూను వచ్చి చెప్పేసరికి నేను మోటారు బేరింగుకి గ్రీజు పెడుతున్నాను. చేతులు తుడుచుకుని వెళ్తే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని మన తెలుగువాళ్లంతా ఆయన క్వార్టరు ముందు నిలబడి ఉన్నారు. మూడో రోజు హాల్లో సంతాప సభ పెట్టారు. ఒకప్పుడు పవర్‌హౌస్ సాహెబు దగ్గర గుమాస్తాగా చేసినాయన లేచి, మేస్త్రీ గారంతటి నిజాయితీపరుడు ఈ కాలనీలో పుట్టలేదన్నాడు. చచ్చినవాడి కళ్లు చారెడంటారు కదా. ఆ మేస్త్రీ గారు దొంగ అని కాగితం రాసిన చెయ్యి కూడా ఆయనదే.

నా అసహ్యం ఆ గుమాస్తా ఒక్కడి మీదే అయితే ఈ నాలుగు ముక్కలూ రాయనక్కర్లేదు.

మేస్త్రీ గారిది విజయనగరం వైపు పల్లె. నాలుగో తరగతితో బడి మానేశారు. కరెంటు గురించిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి సంపాదించి, పార్సిలు ఆఫీసు బాబు చేత చదివించుకుని అర్థం చెప్పించుకునేవారు. కొన్నాళ్లకి ఆ బాబుకే ఈయన అర్థం చెప్పడం మొదలుపెట్టారు. ఆరిపోయిన చుట్ట పీక చెవి వెనక దోపుకుని మళ్లీ నోట్లో పెట్టుకునే అలవాటు మాత్రం నాకు రోత పుట్టించేది. డ్యూటీకి రాగానే భుజం మీది తువ్వాలుతో మీటర్ల అద్దాలన్నీ తుడిచేవారు. ఆయన చేతి కింద పనిచేసే నేను పక్కనుంచి చూసి అంకె చెబితే ఒప్పుకునేవారు కాదు.

"ఎదురుగా నిలబడి సూడు. సూది అబద్ధం ఆడదు, సూసేవోడే ఆడతాడు."

ఏసీ కరెంటుకి వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వచ్చే అంకె పవర్ మీటరు చూపించే అంకెతో ఎందుకు కలవదని ఒకసారి అడిగాను. ఆయన నన్ను యార్డులోకి తీసుకుపోయారు. గ్యాంగువాళ్లు ఖాళీ వ్యాగను తోస్తున్నారు. ఒకడు ఐలేసా అని కేక వేస్తే మిగతావాళ్లు తోస్తున్నారు.

"కేక వోల్టేజి అనుకో, తోపు కరెంటు అనుకో. దీపాలున్నాయనుకో, కేకా తోపూ కలిసే పడతాయి. మోటారుంటే తోపు ఒకింత ఎనకబడతాది. అప్పుడు కొంత తోపు ముందుకెల్లదు, ఎనక్కొచ్చెస్తాది. సెమట మాత్రం పడతాది. ఆ ఎనకబాటునే పుస్తకంలో ఫేజ్ యాంగిల్ అన్నారు. అచ్ఛా, తెలిసిందేటి?"

తెలిసింది. తెలియడమే కాదు, కళ్లారా చూశాను. ఒక ఆదివారం వర్క్‌షాపు మోటార్లన్నీ ఆగి ఉండగా, పట్టపగలు షెడ్డు దీపాలన్నీ వెలిగించి చూపించారు. రెండు అంకెలూ అచ్చంగా కలిసిపోయాయి. సోమవారం మోటార్లు తిరగగానే మళ్లీ విడిపోయాయి.

తర్వాత కొత్త సాహెబు వచ్చాడు. అతను డీసీ కరెంటు మాత్రమే చూసిన మనిషి. అందులో గుణకారం ఎప్పుడూ తప్పదు. ఇక్కడ తప్పేసరికి మధ్యలో ఎవరో కరెంటు దొంగిలిస్తున్నారని తేల్చేశాడు. మీటర్లు చూసేది మేస్త్రీ గారు కాబట్టి ఆయన క్వార్టరు గోడలు తవ్వించాడు. తీగ ముక్క కూడా దొరకలేదు. అయినా దొంగతనం మాట వెనక్కి తీసుకోలేదు, గుమాస్తా చేత కాగితం మీద రాయించాడు.

"మోటర్ బంద్ కరో సాబ్, ఏక్ ఘంటా. సిర్ఫ్ బత్తీ రఖో" అని, గంటసేపు మోటార్లు ఆపి దీపాలు మాత్రం ఉంచమని మేస్త్రీ గారు చేతులు జోడించారు. అప్పుడూ లెక్క కలవకపోతే తనను జైలుకి పంపమన్నారు. ఒక మేస్త్రీ మాట మీద వర్క్‌షాపు ఆపడమేమిటని సాహెబు నవ్వాడు. నావైపు తిరిగి, ఈయన చెప్పేది నువ్వెప్పుడైనా చూశావా అని అడిగాడు.

"మాలూమ్ నహీ, సాబ్" అన్నాను, నాకు తెలియదని.

మేస్త్రీ గారు నావైపు చూడలేదు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆయన చోటు నాకొస్తుందన్న ఆశ ఆ క్షణాన లేదని ఒట్టు వేయలేను. వచ్చింది కూడా. ఆయన్ని దీపాల గదికి మార్చారు. జీవితమంతా కరెంటు అర్థం చేసుకున్న మనిషి సిగ్నలు దీపాల్లో కిరసనాయిలు పోస్తూ మిగతా సర్వీసు వెళ్లబుచ్చారు. చొక్కాని ఆ వాసన చివరిదాకా వదల్లేదు.

కొన్నేళ్లకి కొత్త ప్యానెల్ వచ్చింది. కరెంటు ఎంత వెనకబడిందో చూపించే సూది దానికే ఉంది. మోటార్లు తిప్పగానే సూది పక్కకి ఒరిగింది. దీపాల గదికి పరిగెత్తుకెళ్లి మేస్త్రీ గారికి చెప్పాను. ఆయన వత్తి కత్తిరిస్తూ విన్నారు.

"నాకు తెలిసిందే నాకు సెప్పడానికి వచ్చీసావేటి? తెలీనోల్లకి సెప్పు."

నేను ఎవరికీ చెప్పలేదు. సంతాప సభలోనూ చెప్పలేదు. గుమాస్తా కూర్చోగానే నన్ను మాట్లాడమన్నారు, గొంతు బాగోలేదన్నాను. నా గొంతుకి ఏమీ కాలేదు.

తొమ్మిదో రోజున వాళ్లింటికి వెళ్లాను. మేస్త్రీ గారి భార్యని నేను పిన్నీ అనేవాణ్ణి. మర్నాటి పదో రోజు వంటకి ఆమె బియ్యం బాగుచేస్తోంది. చేట పక్కన పెట్టి, వాకిలి వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

"బాబూ, నువ్వు పవర్‌హౌస్ మనిషివి. నిజం సెప్పు. ఆ కరెంటు మీ బాబాయి తీసినారేటి? బతికుండగా అడగనేకపోనాను."

ఇన్నేళ్లూ ఆమె ఆ అనుమానంతోనే ఆయనకి అన్నం వడ్డించిందన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది.

"తియ్యనేదు పిన్నీ. మోటార్లుంటే అంకెలు అలాగే వస్తాయి. ఆయన సూపించినారు, నా కళ్లతో సూసాను."

ఆమె మొహం ఒక్క క్షణం తేటపడింది. తర్వాత నా మొహంలోకి చూసింది.

"ఈ సంగతి నీకెప్పుట్నుంచి తెలుసు?"

"గోడలు తవ్వక ముందునుంచీ."

పిన్ని చేట ఒళ్లోకి లాక్కుని మళ్లీ బియ్యంలో వేలు పెట్టింది. రాళ్లు ఏరి ఒక్కొక్కటే నేల మీద పడేస్తోంది. నన్ను కూర్చోమనలేదు, వెళ్లమనలేదు.