గేమ్స్ పీరియడ్ ఇచ్చేశాను

నేను తయారుచేసిన ఆటగాళ్ళను వరసగా నిలబెడితే నల్లపాడు స్టేషన్ నుంచి చీరాల దాకా వస్తారని మా అపార్ట్‌మెంట్ కింద కుర్చీ వేసుకుని చాలామందికి చెప్పాను. డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నవ్వుతూనే నమ్మారు. అసలు సంగతి చెప్పేస్తాను. ఆ వరస మా గేటు దాకా కూడా రాదు. నలుగురు. అందులో ఇద్దరికి నా దగ్గరికి రాకముందే ఆట వచ్చు.

ఆ కోతల పుణ్యమా అని నిరుడు మా అపార్ట్‌మెంట్ తల్లులు నన్ను పట్టుకున్నారు. "మాస్టారూ, పిల్లలు బడి నుంచి రాగానే ఫోన్ పట్టుకుని సోఫాలో పడుంటున్నారండీ. మీరు కాస్త ఆడించకూడదూ?"

పక్కనే ఇల్లు కట్టని స్థలం ఒకటుంది. జిల్లేడు మొక్కలు నేనే పీకాను. ముగ్గుపిండితో గీతలు గీశాను. రోజూ సాయంత్రం ఆరింటి నుంచి ఏడింటి దాకా ఖోఖో, తాడాట, పరుగు. పదకొండుమంది వచ్చారు. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే ఆట ఆపి అందరం ఒకేసారి తుమ్మేవాళ్ళం.

వాళ్ళలో మూడో అంతస్తు అమ్మాయి ఒకతి. ఆరో తరగతి. మెట్లెక్కినా ఆయాసమే. ఒళ్ళు కదల్చకపోతే ఈ వయసులోనే మందులు మొదలుపెట్టాలని బ్రాడీపేట డాక్టరు అన్నాడట. వాళ్ళమ్మ మెల్లగా నా చెవిన వేసింది. మొదటిరోజు ఆ పిల్ల నాలుగడుగులు పరిగెత్తి కూలబడింది. "నన్ను లెక్కలో వేసుకోకండి తాతగారూ. నేను ముగ్గు పోస్తాలెండి" అంది.

మూడు నెలలు తిరిగేసరికి స్థలం చుట్టూ ఆగకుండా మూడు రౌండ్లు కొట్టింది.

కొట్టలేదు. ఒకటిన్నర. ఆ అర కూడా నడకే. కానీ ఆ ఒక్క రౌండూ ఎక్కడా ఆగలేదు, ఒట్టు. మోకాళ్ళు పట్టుకుని వగరుస్తూ, "రేపు రెండు, తాతగారూ!" అని అరిచింది.

ఆ మర్నాడే, పిల్లలింకా రాకముందే, మా వీధి మొదట్లో ట్యూషన్లు చెప్పే అతను స్కూటర్ దిగాడు. నా పాత శిష్యుడే. వంగి కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

"సార్, పరీక్షలు దగ్గరకొచ్చినాయి. ఈ ఒక్క వారం ఆరింటి గంట నాకివ్వండి. తల్లిదండ్రులు మిమ్మల్ని అడగలేక నన్ను పంపారు."

"ఒరేయ్, వీళ్ళకున్నదే ఈ గంటరా."

"మీరే అట్టా అంటే ఎట్టా సార్? మా అప్పుడు మీ గేమ్స్ పీరియడ్ రోజూ లెక్కల సారుకి ఇచ్చేసేవాళ్ళుగా! నాకీ నాలుగు లెక్కలొచ్చినాయంటే మీ చలవే."

వెటకారమేమోనని మొహంలోకి చూశాను. కాదు. కళ్ళలో నిజంగానే కృతజ్ఞత.

అతను చెప్పింది అబద్ధమూ కాదు. బంతులూ తాళ్ళూ ఇనప బీరువాలో ఉండేవి, తాళంచెవి నా జేబులో ఉండేది. తనిఖీకి వచ్చినవాళ్ళు కొత్త బంతులు చూసి, సామాను ఎంత జాగ్రత్తగా ఉంచారండీ అని మెచ్చుకునేవాళ్ళు. "మాస్టారూ, ఈ ఒక్కరోజు" అని లెక్కల సారు అడగటమే ఆలస్యం, "అట్టాగే తీసుకోండి" అని స్టాఫ్ రూములో టీ ముందు కూర్చునేవాణ్ణి. సర్వీసంతా అదే మాట.

ఆ సాయంత్రం కూడా నోరు అదే అంది. "అట్టాగే తీసుకోరా." నేను ఆలోచించేలోపే అనేసింది.

వారం నెలయింది. ఆ పరీక్షలు అయ్యాక ఇంకేవో పరీక్షలు వచ్చాయి. రెండుసార్లు తల్లుల దగ్గరికి వెళ్ళి అడిగాను. "వచ్చే ఏడాది చూద్దాంలెండి మాస్టారూ" అన్నారు. జిల్లేడు మళ్ళీ మోకాలెత్తు పెరిగింది. ఈసారి పీకలేదు.

నిన్న ఆ పిల్ల లిఫ్టు దగ్గర కనిపించింది. వీపున పుస్తకాల సంచి. గేటు నుంచి అక్కడిదాకా నడిచినందుకే రొప్పుతోంది.

"ఏమ్మా, రెండో రౌండు ఎప్పుడు?"

"నాకు పరుగు రాదుగా తాతగారూ."

"ఎందుకు రాదు? ఒక రౌండు ఆగకుండా కొట్టావు. నేను చూశాను."

నా చీరాల వరసకు అందరూ నవ్వినట్టే ఆ పిల్లా నవ్వింది. "మీరు భలే చెప్తారు తాతగారూ" అంటూ లిఫ్టు తలుపు వేసుకుంది.